ఆరు

షెఫీల్డ్‌లో ఆ ఫిబ్రవరి అంతా వానే.
మా ల్యాబ్ నేలకింద, కిటికీ లేదు.
మౌరీన్ గొడుగు చెబితేనే వాన సంగతి తెలిసేది.

సీసాలో నారింజరంగు పొడి, చిటికెడు.
ఒక్కో గుంపులో ఆరు మాలిబ్డినం పరమాణువులు,
చుట్టూ బ్రోమిన్ కాపలా.
అసిటోన్‌లో వేస్తే పలచని తేనె రంగు.
రెండు గాజుపలకలు ఎదురెదురుగా ముంచి
కరెంటు పెడతాను, ముప్పై సెకన్లు.
గుంపులకు గుంపులే కదిలి
ఒక పలక మీద పరుచుకుంటాయి
ఉల్లిపొరని వెయ్యి పొరలుగా చీలిస్తే
అందులో ఒక్క పొరంత.

అంతవరకూ బాగానే ఉంటుంది.
చిక్కంతా ఆరడంలో.

పాత పింగాణీ కప్పు లోపలి గీతల్లా
ఆరుతూ ఆరుతూ పగులుతుంది.
పదిహేడు పలకలు. పదిహేడూ అంతే.
నోట్‌బుక్‌లో తేదీ పక్కన ‘పగిలింది’ అని తెలుగులో రాసుకున్నాను.
ప్రొఫెసర్ అడిగితే అదొక కొలత అన్నాను.

మౌరీన్ స్టానిఫోర్త్ ఒక పలకని లైటుకి పెట్టి చూసి
వాళ్ళ అమ్మమ్మ సంగతెత్తింది.
చెంచాలకి మెరుగుపెట్టే పని,
తలకి ఎర్రగుడ్డ, ఒంటికి గోధుమరంగు కాగితం,
చేతులనిండా ఇసుకా నూనే.
‘నీ తొందర చెంచాకి తెలిసిపోతుందే’ అనేదట.
తన బిస్కెట్ల డబ్బా మూత నా పలక మీద బోర్లించి
ఇంటికెళ్ళిపోయింది.

నాకేమో ఒంగోల్లో కళాయి వేసే ఖాసిం గుర్తొచ్చాడు.
నవసాగరం పొగలోకి చెయ్యి పెట్టి ఒక్క తిప్పు,
తగరం గిన్నె లోపలంతా పాకేది.
ఆయనది తొందరే మరి.
లోహం అందరితో ఒకేలా ఉండదు.

ఆసారి కాస్త పాలిమర్ కూడా కలిపాను,
నూలుకి గంజి పెట్టినట్టు.
మర్నాడు మూత తీస్తే గీత లేదు.
మళ్ళీ చూశాను. లేదు.

చీకటి చేసి యూవీ దీపం వేశాం.
పలక ఎర్రబడింది.
సెగ లేని ఎరుపు,
వంటయ్యాక బూడిదకింద మిగిలే ఎరుపు.
నైట్రోజన్ వదిలేకొద్దీ ఇంకా ఇంకా.
గొట్టం తీసి గాలి తగలనిచ్చాను.

ఆరిపోయింది.

ఆక్సిజన్ తగిలితే ఆరాలి, దాని పనే అది,
గాలిలో ఎంతుందో చెప్పడానికే చేశాం.
తెలిసీ ఇద్దరం
ఊపిరి బిగబట్టి నిలబడ్డాం,
మా ఊపిరే దాన్ని ఆర్పినట్టు.

లైటు వేశాక అడిగింది,
మీ భాషలో సిక్స్‌ని ఏమంటారని.
ఆరు.
తడి పోవడమూ అదే. దీపం పోవడమూ అదే.

‘పొదుపు మనుషులు’ అని నవ్వి
గొడుగు దులిపింది.
అదింకా ఆరలేదు.