కిలో లెక్కన బాకా

ఎస్సై గారు కబురంపారు:
"మత్తు వద్దని ఊరేగింపు, మాష్టారూ,
కుర్రాళ్ళకి బుద్ధొచ్చే పాటలు నాలుగు వాయించాలి."
ఆయ్, అలాగేనండి అన్నాను.
బుద్ధి తెప్పించే పాటకి రేటెంతో
నలభయ్యేళ్ళ బ్యాండు బతుకులో
ఎవరూ నాకు చెప్పలేదు.

డీజే పెట్టెలొచ్చాక పెళ్ళిళ్ళు మమ్మల్ని మర్చిపోయాయి.
చావులకి ఇంకా పిలుస్తారు.
తాటిపాక రోడ్డులో, కాలవ వార,
పీచు మిల్లు వెనక రేకుల షెడ్డు మాది.
సాయంత్రం తాళం తీస్తే
కొబ్బరి దుమ్ము, ఇత్తడి వాసన,
గోడకి పదకొండు మేకులు,
పది వాద్యాలు.

పదకొండో మేకు సంగతి చెప్తాను.

ఏలీషా రొయ్యల చెరువు కాపలా కుర్రాడు.
పదిహేడేళ్ళు.
రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతుంటే
నీళ్ళని చూస్తూ కూర్చోవడం వాడి ఉద్యోగం.
నిద్ర ఆపుకోవడానికని ఎవడో ఒక పొట్లం ఇచ్చాడు.
తర్వాత నిద్ర పట్టడానికి ఇంకోటి.
ఆ తర్వాత పొట్లానికి కారణం అక్కర్లేకపోయింది.

మా షెడ్డుకి వాడొచ్చింది పాట కోసం కాదు,
వాన తప్పించుకోడానికి.
చూరు కింద నిలబడి, బాకా వంక చూసి
"ఇదెంతుంటదండీ?" అన్నాడు.
నేను ఆశ అనుకున్నాను.
చేతికిచ్చి ఊదమన్నాను.
గాలొచ్చింది, శబ్దం రాలేదు.
నాలుగో రోజున, దూడ అరిచినట్టు, ఒక స్వరం.
రెండు లెక్కలు నిలిచి తెగిపోయింది.
దగ్గు. దగ్గులో ఆ వాసన.
"రేపు మూడు దాకా ఆపు" అన్నాను, అంతే.

పన్నెండో రోజు మేకు ఖాళీ.

మలికిపురంలో పాత సామాన్ల కొట్టు.
చిల్లుపడ్డ బిందెల మీద నా బాకా పడుకుని ఉంది.
కాటాలో వేశాడు:
కిలో నూట యాభై గ్రాములు.
నాదాన్ని నేనే ఇత్తడి రేటుకి కొనుక్కున్నాను.
మూతి ఒక పక్క నొక్కుకుపోయింది.

స్టేషనుకెళ్దాం అన్నాడు డ్రమ్ము వీరబాబు.
వాడి తమ్ముడు రాజమండ్రి జైల్లో
ఏడాదిగా వాయిదాలు లెక్కపెడుతున్నాడు,
ఎవరిదో సంచి బండి మీద దాటించినందుకు.
కాసేపాగి వీరబాబే మళ్ళీ
"వద్దులెండి" అన్నాడు, పుల్లలు చంకన పెట్టుకుని.

రాత్రి పదకొండింటికి చెరువు గట్టుకెళ్ళాను.
వాడు పారిపోలేదు.
పారిపోతే ఏరియేటర్లు ఎవరు చూస్తారు?
"నొక్కినచోట స్వరం బొంగురుపోతోందిరా.
నువ్వు నొక్కావు, నువ్వే దాటించు."
చాలాసేపు మోటార్ల మోతే.
ఆ మోతలో ఒక తాళం ఉందని నాకు తెలీదు.
వాడికి తెలుసు.
మోకాలి మీద వేళ్ళతో వేస్తున్నాడు.

ఊరేగింపు రోజు మాడే ఎండ.
అట్టల మీద పుర్రె బొమ్మలు, మైకులో ప్రతిజ్ఞ.
పుర్రెకి భయపడే వయసు కాదు వాళ్ళది,
పొట్లాలమ్మేవాడి కొత్త బండి చూసి మురిసే వయసు.
నేను నీతిపాట ఎత్తుకోలేదు.
చెరువు గట్టు తాళమే ఎత్తుకున్నాం.
లాకుల మలుపులో ఏలీషా ఒక స్వరం పట్టాడు.
లోపల్లోపల లెక్కపెట్టాను.
ఏడు. ఎనిమిది.
ప్రతిజ్ఞ చదివేవాడు వరస మర్చిపోయాడు.
తొమ్మిది.
పంక్చరు షాపు దగ్గర ముగ్గురు కుర్రాళ్ళు
బండి ఇంజను ఆపారు.
జరిగింది అంతే. ఇంజను ఆపారు.

పాట మత్తు మాన్పిస్తుందా అని విలేకరి అడిగాడు.
నాకు తెలీదండి.
పొగ అడిగేదీ ఊపిరే, బాకా అడిగేదీ ఊపిరే.
రెండింటికీ సరిపడా ఒక్కడి దగ్గర ఉండదు.

మొన్న సోమ, మంగళ వాడు రాలేదు.
బుధవారం ఎర్ర కళ్ళతో వచ్చాడు.
నాలుగు లెక్కలకే తెగింది.
మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాం.
బాకా ఇప్పుడు వాడితోనే చెరువు గట్టున ఉంటుంది,
మేకు అందుకే ఖాళీ.

నిన్న ఇంజను ఆపినవాళ్ళలో ఒకడు
గుమ్మంలో నిలబడి, క్లారినెట్ వంక చూస్తూ
"ఇదెంతుంటదండీ?" అన్నాడు.
బరువు చెప్పాను.
చెప్పి, చేతికిచ్చాను.