చల్లారని పక్క

మనాంగహేలా ఒడ్డున, ఉక్కు మిల్లు వెనక సందులో
నా ఇంట్లో మంచాలు ఆరు, మగాళ్లు పన్నెండుమంది.
పగలు పనికెళ్లేవాడు లేచిన గుంటలోనే
రాత్రి పనివాడొచ్చి ఒరిగేవాడు.
దుప్పటి ఉతకడానికి తెరిపి దొరికేది కాదు;
ఉతికినా తీగ మీద ఆరేలోపే మసి పట్టేది.

కిటికీ పక్కది మతూష్‌దీ, ఒండ్రేదీ.
అతనిది కొలిమి, ఇతనిది పట్టాల షెడ్డు.
రెండు వారాలకోసారి షిఫ్టు మారేటప్పుడు
గేటు దగ్గర తలూపుకునేవాళ్లు, అంతే.
కానీ మతూష్ తలగడ కింద చుట్ట సగం దాచేవాడు,
ఆ సగం ఒండ్రే కాల్చేవాడు.

గురువారం తెల్లారి ఒండ్రే బూట్లు విప్పి
పక్క మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.
"ఇది చల్లగా ఉందేం, జుజానా?"
రొట్టెల పిండి పిసుకుతున్నదాన్ని, తలెత్తలేదు.
రాత్రే కంపెనీ గుమాస్తా వచ్చి వెళ్లాడు:
కొట్లో బాకీ పోను నలభై రెండు డాలర్లు,
సముద్రం అవతల పెళ్లానికి పంపమని.
కొలిమి ఆపారా అని అడిగాను.
ఆపితే గడ్డకడుతుంది కదమ్మా, అన్నాడు.

ఆ పగలు ఒండ్రే నేల మీద పడుకున్నాడు.
శనివారానికి కొత్త కుర్రాణ్ణి పెట్టాను,
ఇంటద్దె నాకూ ఆగదు.
పక్క మళ్లీ వేడెక్కింది.
ఒండ్రే ఇప్పుడు చుట్ట సగమే కాలుస్తాడు.
మిగతాది ఆ కుర్రాడు
ఏమిటో తెలియక ఊడ్చి పారేస్తాడు.