పటంలో లేని ముక్క

రెండు బస్తాల బంగాళాదుంపలకి ఇచ్చాడు
ఎలాదియో బార్రియా ఈ ట్రాన్సీవర్‌ని.
కెయోన్ రేవు వెనక, వాళ్ల కోళ్లగూట్లో
పదకొండేళ్లు పడి ఉందట.
మూత విప్పితే ఈకలు,
ఎలుక కట్టుకున్న కాపురం,
పన్ను ఊడిన చిగురులా ఒక ఖాళీ సాకెట్టు.

వెంటనే కరెంటు ఇవ్వలేదు.
మూడు రోజులు బొట్టుబొట్టుగా వోల్టేజి పెంచాను,
పస్తులున్నవాడికి గంజి పోసినట్టు.
మైనం కారిన కెపాసిటర్లు పద్నాలుగు తీసేశాను.
బల్ల మీద సర్క్యూట్ పటం,
ఎగిరిపోకుండా మూలమూలకీ ఒక ఆల్చిప్ప.

అప్పుడు కనబడింది,
డయల్ వెనక, కాయిల్ పక్కన,
కందిగింజంత కెపాసిటర్,
నెత్తిన ఊదారంగు చుక్క.
పటంలో లేదు.
అతుకు కూడా ఫ్యాక్టరీది కాదు,
సీసం ఎక్కువై బుడిపె కట్టింది.
ఎవడో తెలిసీ తెలియక వేలు పెట్టాడనుకున్నా.
పీకేశాను.

ఆ రాత్రి కట్టెల పొయ్యి రాజేసి సెట్టు వేశాను.
వాల్వుల్లో నారింజ వెలుగు.
నలభై మీటర్ల బ్యాండు మీద
ఐసేన్ నుంచి ఒక ముసలాయన
ఉన్ని ధర చెబుతున్నాడు.
చెబుతూ చెబుతూ జారిపోయాడు,
గొంతు సన్నబడి, బాతు అరుపై.
నాబ్ తిప్పి పట్టుకుంటాను,
మళ్లీ జారతాడు.
గది వెచ్చబడేకొద్దీ డయల్ పరుగు.

మూడు రాత్రులు కాయిల్‌ని తిట్టాను,
ఎలాదియోని తిట్టాను.
నాలుగో రాత్రి, మూత బోర్లించి చూస్తే
లోపల పెన్సిలు అంకెలు.
ఎలుక మరకలనుకుని తుడవబోయినవి.
పది నిమిషాలకి ఇంత, ఇరవైకి ఇంత,
పొయ్యి ఆరాక ఇంత.

వేడికి తక్కినవన్నీ ఉబ్బుతుంటే
తానొక్కటే తగ్గే ముక్క అది.
ఎవరో ఆయన,
ఇలాంటి చలిగదిలోనే గడియారం ముందు పెట్టుకుని
ఎన్ని సాయంత్రాలు కూర్చున్నాడో.

చెత్తబుట్టలో, మాతే తాగి పారేసిన పిప్పి కింద
దొరికింది.
అదే చోట అతికించాను.
నా అతుకు ఆయనదానికన్నా నున్నగా వచ్చింది,
నా గొప్ప అంతవరకే.

పటం మీద పెన్సిలుతో గీశాను దాన్ని.
పేరు తెలీదు కనుక పక్కన ప్రశ్నగుర్తు.
వెనక పలకకి నేనూ ఒక ఫ్యాను బిగించాను,
పాడైన కంప్యూటర్‌లోది.
దాన్ని మాత్రం గీయలేదు.

"కదలకుండా ఉన్నావే ఇవాళ, ఎడెల్మిరా,"
అన్నాడు ఐసేన్ ముసలాయన.
"వానేనా అక్కడ?"
వానే, అన్నాను.