మా భాషలో మామా అంటే

ఆదివారం వాన పడుతుంటే కొండెక్కుతారు ఈ ఊళ్ళో.
పడకపోయినా ఎక్కుతారనుకోండి,
కానీ బెర్గెన్‌లో వాన పడని ఆదివారాలు
ఈ నాలుగేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టాను,
ఒక చెయ్యి సరిపోయింది.

దీన్ని తూర్ అంటారు.
ఎక్కడికి అని అడగకూడదు.
వెళ్ళి, తడిసి, ఒక నారింజ వలుచుకు తిని, దిగి రావడం.
మొదటిసారి నేను కోడిని వేయించి,
మొక్కజొన్న రొట్టెలు, అక్రోటు ముద్ద కూరిన వంకాయలు,
పుల్ల ప్లమ్ పచ్చడి సీసాతో సహా మోసుకెళ్ళాను.
దారిన పోయేవాళ్ళు ఎవరి పెళ్ళో అన్నట్టు చూశారు.
మా కుతాయిసిలో పక్కింటికైనా
చేతులూపుకుంటూ పోము మరి.
ఇప్పుడు తెలివొచ్చింది: ఒక ఫ్లాస్కు, రెండు నారింజలు.
సంచి తేలికైంది.
దారి పొడుగునా ఏదో మరిచిపోయినట్టే ఉంటుంది.

ఎకాకి ఆసుపత్రిలో ఆదివారం డ్యూటీ.
అందుకని నేనూ, కేతో.
కేతోకి ఐదేళ్ళు. పసుపు రెయిన్‌కోటు,
ఒక చేతికి ఎర్ర తొడుగు, రెండో చేతికి నా సాక్సు.
రెండో తొడుగు పోయిన వారం ఇదే కొండ మింగింది.

మాటల సంగతి చెప్పాలి.
మా భాషలో మామా అంటే నాన్న.
అమ్మేమో దెదా. ఎందుకని అడక్కండి,
మా ముత్తాతలు అలా తేల్చేసి
వైన్ తాగడానికి వెళ్ళిపోయారు.
ఇక్కడ మామా అంటే అమ్మ.
బస్సులో కేతో "మామా" అని పిలిస్తే
జనం నా వెనక ఆడమనిషి కోసం వెతుకుతారు.
ఈతకొలను దగ్గర ఒకావిడైతే
"మీ అమ్మ కనిపించట్లేదా తల్లీ" అని
నా గడ్డం కిందే నిలబడి అడిగింది.

సెప్టెంబరులో బడి నుంచి వచ్చి
బూట్లు విప్పుకుంటూ చెప్పింది కేతో:
బయట నిన్ను పాపా అంటాను. అందరూ అలాగే అంటారు.
సరేనన్నాను.
మా వైపు పాపా అంటే తాత.
గుమ్మం దాటగానే రోజూ
ముప్పై ఏళ్ళు మీదపడేవి.
రొట్టెల కొట్లో తాతను. ట్రామ్‌లో తాతను.
లిఫ్టులో మూడో అంతస్తు దాకా తాతను,
తలుపు గడియ పడ్డాక మళ్ళీ నాన్నను.

ఇవాళ చెరువు దాటాక మబ్బు దిగింది.
నేను ఫ్లాస్కు మూత తిప్పుతున్నాను.
తలెత్తితే
పసుపు లేదు.

అరుద్దామంటే నోరు పెగల్లేదు ముందు.
అంతలో ఎక్కణ్ణుంచో సన్నగా, "పాపా!"
"యా!" అన్నాడు ఎడమవైపు ఎవరో.
"యా, ఇక్కడే!" కిందినుంచి ఇంకొకడు.
పిల్లల్ని భుజాన మోస్తున్న తండ్రులు కూడా పలికారు.
తర్వాత, "మామా!"
ఈసారి కొండంతా తల్లులు.
అందరి గొంతుల్లో నా గొంతు కలిసిపోయింది.

కాసేపు ఏమీ లేదు.
ఐదేళ్ళ బుర్ర పనిచేస్తోందని నాకు అర్థమైంది.
ఉన్నట్టుండి, ఎకా గొంతుతో,
చెత్తబుట్ట నిండినా నేను తియ్యనప్పుడు
ఎకా వాడే అదే గొంతుతో,
"జురా!"

ఆ పేరు గలవాడు
ఆ కొండ మీద ఒక్కడే.
బూట్లలో నీళ్ళు చప్పుడు చేస్తుంటే పరుగెత్తాను.

కంచె పక్కన నిలబడి ఉంది.
కంచె గుంజకి ఎర్ర తొడుగు, పోయిన వారం పోయిందే.
ఎవరో బురదలోంచి తీసి
అరచెయ్యి ఎత్తినట్టు తొడిగి పోయారు.
ఇక్కడి మనుషులు పలకరించరు, తొడిగి పోతారు.
మా కుతాయిసిలో తొడుగు నేలను తాకకముందే
మూడు కిటికీలు తెరుచుకుని
నన్నూ నా పెంపకాన్నీ కలిపి కడిగేసేవి.

పిలుపు విని వచ్చిన ఇద్దరు తల్లులూ ఒక తండ్రీ
వెళ్ళాలో ఉండాలో తెలియక
వానలో నిలబడ్డారు.
నా దగ్గర రెండు నారింజలే ఉన్నాయి.
వలిచాను. తలా నాలుగు తొనలు.

"కోణ్ణి తేలేదేం?" అంది కేతో మా భాషలో,
తడి తొడుగు పిండుకుంటూ.