పలకడం

పంజగుట్ట షోరూంల మొదటి దినం
కార్లకంటె ముందు మా నోళ్లు తుడిచిండ్రు.
గుర్గావ్ నుంచొచ్చిన ట్రైనర్ మేడం
తెల్లబోర్డు మీద పేరు రాసి
చివరి రెండక్షరాలు అరచేత్తో మూసింది.
ఎల్లూ, టీ ఉన్నయి గాని లేవనుకోండ్రి.
రెనాల్ట్ కాదు, రెనో.
ఫ్రాన్సోళ్ల ర అయితే
గొంతుల నీళ్లు పోసి పుక్కిలించినట్టుంటదట,
మనకంత అక్కర్లేదట,
ఇంగ్లీషుల నడిచేటంత చాలట.

పన్నెండు మందిమి, ఒకటో తరగతి లెక్క,
రెనో, రెనో.
వెనక వరుసల నర్సింగ్ కావాల్నని "రేణుక" అన్నడు.
నవ్వొచ్చింది, నవ్వలే.
కొత్త కోటు చంకల్ల కుట్లు గుచ్చుతున్నయి.

తర్వాత హాజరు.
"వకులా?"
వకుళ, మేడం.
"అదే కదా, వకులా."
నా బ్యాడ్జి మీద చూసుకున్న.
ఇంగ్లీషుల రాస్తే నా ళ కూడ
ఉన్నదో లేదో తెలుస్తలేదు.
దాన్ని మాత్రం ఎవ్వరూ
అరచెయ్యి పెట్టి చూపియ్యలే.

నేను పుత్లీబౌలి పిల్లను.
మొయిన్ ఉస్తాద్ షెడ్డుకూ మా వంటింటికీ
నడుమ ఒక్క రేకు గోడ.
పాలు పొంగేలోపు ఆ గోడ దాటి
దేశాలన్నీ వచ్చిపోతుండె:
చవర్లెట్ బంపరు, ఓక్సువాగన్ అద్దం,
ప్యూగియట్టుకు ఎక్కడా దొరకని గాస్కెట్టు.
స్కోడాను సోడా అన్నోళ్లున్నరు.
ఏ బండీ అలిగి ఆగింది లేదు.
మా నాయిన ఉస్తాద్ దగ్గర లెక్కలు రాస్తుండె,
తెలుగులనే, చెవికి ఎట్ల పడితె అట్ల.
"హుండాయి, క్లచ్చు, పన్నెండొందలు."
ఇప్పటికీ ఆ పుస్తకం చూస్తె
తిరుపతి హుండీల ఎవరో
క్లచ్చు ప్లేటు వేసినట్టే అనిపిస్తది.

నౌకరికొచ్చినంక రెండు నాలుకలైనయి.
అద్దాల తలుపు లోపల ఒకటి.
రాణిగంజ్ దుకాణానికి ఫోన్ చేసేటప్పుడు ఒకటి.
"రెనో బేరింగ్ కావాలె."
"ఏం రేణువమ్మా?"
"రెనాల్ట్."
"ఆఁ, గట్ల చెప్పు."

ఒకపారి ఆ రెండో నాలుక లోపలికొచ్చింది.
పండ్ల డాక్టరు సారు ముందట, డెలివరీ నాడు,
తాళంచెవి చేతికిచ్చుకుంట
రెనాల్ట్ అనేసిన.
సారు కోపం చెయ్యలే. నవ్విండు.
చిన్నపిల్ల పాలపన్ను చూసినట్టు నా నోరు చూసి
"రె, నో" అన్నడు, విడగొట్టి.
ఆ నవ్వు చానా రోజులు కొరికింది.

జూలైల ఒక రాత్రి, ఆగని వాన.
పదకొండింటికి ఫోను.
మలక్‌పేట రైలు వంతెన కింద
మోకాలు లోతు నీళ్లు, సారు గొంతు వణుకుతుంది.
"నా రెనాల్ట్! మునిగిపోతుంది నా రెనాల్ట్!"

నేనేం దిద్దలే.
షోరూం ట్రక్కు పొద్దుగాల గాని రానన్నది.
ఉస్తాద్ తలుపు కొట్టిన.

లుంగీ ఎగ్గట్టి, బీడీ చెవిల పెట్టుకొని
నీళ్లల్లకు దిగిండు.
సారు స్టార్ట్ బటన్ నొక్కుతనే ఉన్నడు,
నొక్కిన కొద్దీ లోపల ఏదో
గరగర, గరగర.
ఉస్తాద్ ఆ చెయ్యి పట్టి ఆపిండు.
"నకో సాబ్.
గొంతుల నీళ్లున్నోన్ని పిలిస్తె
ఎట్ల పలుకుతడు?"

సారు చెయ్యి తీసిండు.
కొంతసేపు వాన మాత్రమే మాట్లాడింది.

"ఏం బండి ఇది?" అన్నడు ఉస్తాద్, బానెట్ తడుముకుంట.
సారు నా దిక్కు చూసిండు,
నేను సారు దిక్కు.
ఇద్దరం చెప్పలే.
ఆయన మల్ల అడగనూ లేదు.

"వకులా, టార్చి ఇటు."

పుట్టినప్పటి సంది ఆయన అట్లనే పిలుస్తడు.
ఆయన నోట్ల కూడ ళ లేదు.
ఇరవై మూడేండ్లు,
ఒక్కసారి కూడ దిద్దాలనిపియ్యలే, ఎందుకో.

"ఆఁ, ఉస్తాద్" అని పలికి
టార్చి పట్టిన.