ఇరవయ్యో మొక్క

జూలై, మంగళవారం. ఎంట్రీలు తీసుకునేది ఏడింటిదాకానే.
నెబ్రాస్కా ఎండంతా ఆ రేకు షెడ్డులోనే కాపురం.
బల్ల మీద అట్టచీట్లు, దారప్పోగులు,
ఇరవై రెండేళ్ళుగా అదే మడత కుర్చీలో నేను.
మధ్యాహ్నమంతా వరస కట్టి వచ్చారు క్లబ్బు పిల్లలు:
ఓ పక్కకి కుంగిన కేకు,
జేబు తలకిందులుగా కుట్టిన ఏప్రాను,
మీట ఎక్కడుందో చేసినవాడికే తెలియని దీపం,
మెడకి కట్టబోయిన చీటీని నమిలేసిన కుందేలు.
అన్నిటికీ నంబరు వేశాను. దేన్నీ చూసి నవ్వలేదు.
నా తొమ్మిదో ఏట ఒకావిడ నా దోసకాయ సీసా ఎత్తి
వెలుతురుకి పెట్టి నవ్వింది. ఆవిడ పేరు ఇప్పటికీ చెప్పగలను.

ఆరూ నలభైకి వచ్చాడు ఎమెట్ జెలినెక్,
పన్నెండేళ్ళవాడు,
చంకలో పాత క్యాలెండరు అట్టల మధ్య కలుపు మొక్కలు.
కాగితానికొకటి, వేళ్ళతో సహా,
బరువైన పుస్తకాల కింద నొక్కి ఆరబెట్టినవి.
తోటకూర. గంగవాయిలి. తుంగ.
ఉమ్మెత్త, దాని ముళ్ళకాయ విడిగా దూదిలో పొదిగి.
కింద పెన్సిలుతో, దొరికిన చోటు:
మా వాయవ్యపు చెక్క.
మా వాయవ్యపు చెక్క, కంచె పక్క.
పంతొమ్మిదిసార్లు "మా".

ఆ చెక్క మార్చిలోనే వేలమైంది.
ఆ రోజు కాఫీ పోసింది నేనే.
వాళ్ళ నాన్న టోపీ తీసి, పెట్టుకుని,
మళ్ళీ తీయడం చూశాను.
కొత్తాయన మందు కొట్టించాడు, గడ్డిపోచ లేదక్కడ.
మరి వీడు ఇవన్నీ ఎప్పుడు పీకాడు?
అడగలేదు.

చిరునామా గడిలో పాతది రాసి, కొట్టేసి,
టౌనులో అపార్ట్‌మెంటు నంబరు రాశాడు,
అరచేతిలో చూసుకుంటూ.

"ఇరవై ఉండాలి బాబూ. పంతొమ్మిదే ఉన్నాయి."
వాడు మళ్ళీ లెక్కపెట్టాడు. నేనూ పెట్టాను.
ఆరూ యాభై ఒకటి.
తలుపు వేపు పరిగెత్తాడు.

గొర్రెల కొట్టం వెనక, ట్రక్కులు నిలిపే కంకరలో
మోకాళ్ళ మీద వాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.
గడియారం నా వీపు వెనక గోడకుంది.
నేను వెనక్కి తిరగలేదు.

తెచ్చాడు, పల్లేరు.
పచ్చిది. పసుపు పూలింకా వాడలేదు.
వేలి కొసన నెత్తురు చుక్క.
టేపుతో అతికించి రాశాడు:
ఫెయిర్ మైదానం, కంకర నేల. కౌంటీవారిది.

బుధవారం జడ్జి స్టెంకా గారు,
విత్తనాల కంపెనీలో రిటైరైనాయన,
ఒక్కో కాగితాన్నీ వేలితో తట్టి అడిగారు:
దీన్నెలా చంపుతావు?
వాడు చెప్పాడు. మందు పేరు, మోతాదు,
ఎన్ని ఆకులప్పుడు కొట్టాలో.
అచ్చం వాళ్ళ నాన్న గొంతు, కాస్త సన్నగా.
పల్లేరు దగ్గర ఆగాడు.
"దీన్ని కాయ రాలకముందే తల్లివేరుతో లాగెయ్యాలండీ.
రాలిందంటే, నేల ఎవరి చేతికి మారినా
ఏళ్ళ తరబడి కిందే కూర్చుంటుంది."
"బాగా చదివావు."
"చదవలేదండీ."
స్టెంకా గారు ఏదో రాయబోయి పెన్నుకి మూత పెట్టేశారు.

ఎర్ర రిబ్బను. పచ్చి మొక్కకి మార్కులు కోత,
నిబంధన నిబంధనే.
ఊదారంగుది దీపం పిల్లాడికి పోయింది,
చివరికి మీట దొరికిందట.

ఆదివారం రెండు డాలర్లకి సంతకం పెట్టి
అట్టలు సర్దుకున్నాడు ఎమెట్.
టేపు కింద పల్లేరు నల్లగా ఆరిపోయింది.
"ఇది వచ్చే ఏడాదికి పనికొస్తుందా?"
వస్తుందన్నాను. నిబంధనల పుస్తకం తెరవలేదు.

రాత్రి ఇంటికొచ్చి చెప్పు తిరగేస్తే
మడమ దగ్గర దిగబడి ఒక కాయ.
చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళి
వెనక్కి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాను,
తాళంచెవుల పక్కన.
అక్కడ మొలవదు.
మొలవదనే అనుకుంటున్నాను.