తాపీ గీతలు

ముహర్రక్ దీవిలో ఒక పల్లె. సమాధుల నడుమ దిబ్బ.
పైన కూలిన మసీదు, దాని కింద ఇంకేదో.
బ్రష్షుతో దులుపుడు ఇప్పుడు నా పని;
అంతకుముందు పదకొండేండ్లు మనామాల ప్లాస్టరింగ్.

నేల కింద నేల తేలింది.
రెంటి నడుమ బూడిద లేదు, కాలిన దూలం లేదు.
పొయ్యి, చేపముండ్లు, ఒక ఎర్రపూస.
గోడల మాత్రం జానెడు శిలువ గుంట,
గచ్చుతోని పూడ్చి, నున్నగ మెత్తి.

చాయ్ ఫ్లాస్కుతో హాజీ మర్హూన్ వచ్చి
గుంత అంచున కూసున్నడు.
"మా తాత దీన్ని రాహిబు దిబ్బ అనేటోడు.
ఎవరా రాహిబు అంటే కసురుకునేటోడు."

నేను గచ్చు మీద వేలు పెట్టి చూసిన.
శిలువ అంచు దిద్దిన గీతలు ఎడమచేతివి.
పూడ్చిన గీతలు కూడ ఎడమచేతివే.
తాపీ మూల విరిగినట్టుంది,
రెండు చోట్ల అదే సన్నని గాటు.

"అమ్మా, ఇద్దరు కాదు. ఒక్కడే" అన్న.
డాక్టరమ్మ నవ్వి
కాయితం మీద 'పూడిక' అని రాసుకున్నది.

చెయ్యి వణికిన గుర్తు కోసం వెతికిన.
దొరకలే.

పల్లెల బాంగు మొదలైంది. పని ఆపినం.
పూడ్చినంక ఆయన తాపీ కడిగిన నీళ్లు
ఇక్కడనే ఎక్కడనో ఇంకి ఉంటయి.